రెండుమారులు చూపెడి కళ

కథకు వ్యవధి నిచ్చుట వేఱు, కథను సాగదీయుట వేఱు. పైకి రెండును ఒక్కటిగనే కన్పట్టును. రెంటియందును పాత్రలు ఒకరినొకరు తడవుగా చూచుకొందురు, వాన కురియుచునే యుండును, చెప్పవలసిన మాట నాలుక చివరకు వచ్చియు వెలువడదు. అయినను ఒకదానియందు ఆ యాలస్యమువలన మనకు మనిషి మఱికొంత తెలిసివచ్చును. రెండవదానియందు గడియారము మాత్రమే ముందునకు నడచును. గడచిన సంవత్సరమంతయు కొరియా దేశపు టెలివిజన్ ధారావాహికలను తీఱికవేళల చూచుచు వచ్చిన నాకు, వానియందలి ప్రణయగాథలకంటెను, నటీనటుల సౌందర్యముకంటెను, ఈ భేదమే ముఖ్యముగా తోచినది. ఒకే సంగతిని మొదట ఒక విధముగా చూపి, మనచేత ఒక తీర్పు చెప్పించి, అటుపిమ్మట అదే సంగతిని మఱియొకరి కంటితో చూపి, ఆ తీర్పును మనమే త్రోసివేయునట్లు చేయుట ఆ సంప్రదాయమునకు ప్రాణమని నా యభిప్రాయము.

ఆ కళను ఎఱుగవలెనన్నచో ముందుగా దాని కొలతలను ఎఱుగవలెను. సాధారణముగా ఒక ధారావాహికకు 16 భాగములు. భాగమునకు గంట, లేక గంటకు కొంచెము పైమాట. వారమునకు రెండేసి చొప్పున ప్రసారమై, రెండు మాసములలో కథ కంచికి పోవును. చారిత్రకములును, వారాంతమున ఇంటిల్లిపాది కూర్చుండి చూచెడి కుటుంబగాథలును 50 భాగములవఱకు సాగవచ్చునుగాని, వానికిని ముగింపుదినము ఒకటి నిర్ణీతమై యుండును. మన ఛానళ్లలో ‘మొగలిరేకులు’, ‘కార్తీకదీపం’ వంటి సీరియళ్లు వేయి భాగములు దాటిన సంగతి అందఱెఱిగినదే. రేటింగు నిలిచినంతకాలము మన కథకు చావు లేదు. అది పడిపోయిననాడు ఆయువు తీఱకమునుపే చావు. ఎప్పుడు ముగియునో తెలియని కథలో రచయిత విత్తనము నాటుటకు సాహసింపడు, మొలక చూచెడి అవకాశము తనకు దక్కునను నమ్మకము లేదు గనుక.

కొరియాలోను రచన యంతయు ముందుగా సిద్ధమై యుండెడిదని భ్రమపడరాదు. చిరకాలము అచ్చట ప్రసారమును చిత్రీకరణమును చేయిచేయి పట్టుకొని నడచినవి. ఆనాటి సన్నివేశము ఆనాటి యుదయమున విడికాగితములుగా చిత్రీకరణస్థలమునకు చేరుటయు, సిబ్బంది నిద్రాహారములు మాని పనిచేయుటయు సామాన్యమై యుండెను. 2016లో ‘డిసెండెంట్స్ ఆఫ్ ది సన్’ ప్రసారమునకు పూర్వమే సంపూర్ణముగా చిత్రింపబడి, చైనాలోను ఏకకాలమున విడుదలై ఘనవిజయము పొందుట నాటి పరిశ్రమకు ఒక విశేషము. అయినను, కాగితము ఏ ఘడియకు వచ్చినను, కథ ఏ వారమున ముగియునో రచయితకు తెలిసియే యుండెను. దీనికి తోడు, 1970ల నడుమనుండి 2021వఱకు అచ్చటి భూతల ప్రసారసంస్థలకు కార్యక్రమము మధ్యలో ప్రకటనలు వేసెడి యనుమతి లేకుండెను. కడపటి సంవత్సరములలో కొందఱు గంటను రెండుగా చీల్చి ఉపాయము పన్నిరిగాని, అంతకుముందు గంట యంతయు తెంపులేని ఒక్క ప్రవాహమే. పది నిమిషముల కొకమాఱు ఉలికిపాటు కల్పింపనక్కఱలేదు గనుక, ఆ గంట నిదానముగా పెరిగి, చివరి క్షణమున మాత్రమే ఊపిరి బిగియునట్లు చేయుట అచ్చటి రచయితలకు అభ్యాసమైనది.

ఈ సంప్రదాయము నిన్న మొన్నటిది కాదు. దక్షిణ కొరియాలో టెలివిజన్ 1956లో మొదలైనది. 1972లో ‘యోరో’ అను ధారావాహిక ప్రసారమగు వేళకు టెలివిజన్ గల యింటికి ఇరుగుపొరుగువారు చేరుకొనెడివారు. పల్లెటూరి జీవితమును చిత్రించిన ‘కంట్రీ డైరీస్’ 1980నుండి 2002వఱకు సాగినది. 1980లో గ్వాంజు నగరమున సైనికపాలనకు ఎదురుతిరిగిన ప్రజలపై జరిగిన దారుణమును 1995లో ‘అవర్‌గ్లాస్’ కథలోనికి తెచ్చినప్పుడు, ఆ వేళకు ఉద్యోగులు త్వరత్వరగా ఇండ్లకు చేరుకొనుటచే వీథులు బోసిపోయినవని చెప్పుకొందురు. 2002నాటి ‘వింటర్ సొనాటా’ మఱుసటి యేడు జపానులో ప్రసారమై, అచ్చటి నడివయసు స్త్రీలను ఆ కథ చిత్రింపబడిన నామీ ద్వీపమునకు యాత్రికులుగా రప్పించినది. విదేశీయులలో పలువురకు ఈ కళ అప్పుడు కంటబడినదేగాని, దాని వయసు అప్పటికే నాలుగు దశాబ్దములు దాటినది.

సినిమాకు దర్శకుడెట్లో, కొరియా ధారావాహికకు రచయిత యట్లు. ఆ రచయితలలో స్త్రీలే యధికులు. కిమ్ సూ హ్యూన్, నో హీ క్యుంగ్, కిమ్ ఉన్ సూక్, పార్క్ జీ ఉన్, పార్క్ హే యంగ్: ఈ పేర్లు అచ్చటి ప్రేక్షకులకు తారల పేర్లవలె కంఠస్థములు. ఫలానివారి రచన వచ్చుచున్నదన్న మాటయే కొత్త ధారావాహికకు తొలి ప్రకటన. ఇంటిలోపలి చిన్న పనులయందు, వడ్డనయందు, అలుకయందు, మౌనమునందు ఆ కథలకు గల సూక్ష్మదృష్టికి ఈ రచయిత్రుల బాహుళ్యము ఒక కారణమై యుండవచ్చును.

ఇక రెండుమారులు చూపెడి విద్య యెట్టిదో ఒక సన్నివేశమును దగ్గఱగా చూచి తెలిసికొందము. 2003లో మొదలై 54 భాగములు సాగిన ‘డే జాంగ్ గుమ్’ జోసన్ రాజ్యకాలపు కథ. రాజు జుంగ్‌జోంగ్‌నకు వైద్యము చేసిన జాంగ్ గుమ్ అను స్త్రీని గూర్చి ఆనాటి రాజవంశ చరిత్రలో కొలది ప్రస్తావనలే కలవు. ఆ గుప్పెడు వాక్యములనుండి రచయిత్రి కిమ్ యంగ్ హ్యూన్, దర్శకుడు లీ బ్యుంగ్ హూన్ అంత కథను అల్లిరి. రాజాంతఃపురపు వంటశాలలో చేరిన బాలికను ఆమె గురువైన హాన్ పాకవిద్య యేమియు నేర్పక, మంచినీరు తెమ్మని మాత్రము ఆజ్ఞాపించును. పిల్ల తెచ్చును, గురువు కాదనును. మఱునాడు మఱల తెమ్మనును, మఱల కాదనును. చల్లనిది, వెచ్చనిది, ఆకు వేసినది, ఎట్లు తెచ్చినను సమ్మతి లేదు. చూచుచున్న మనకు ఆ గురువు కఠినురాలనియే తోచును. తుదకొకనాడు పిల్ల నీరు తేకమునుపే ప్రశ్నించును: కడుపునొప్పి యున్నదా, విరేచనమైనదా, గొంతు నొచ్చుచున్నదా యని. గొంతు కొంచెము నొచ్చుచున్నదని విని, గోరువెచ్చని నీటిలో చిటికెడు ఉప్పు వేసి తెచ్చి, మెల్లమెల్లగా త్రాగుమనును. నీరిచ్చుటకు పూర్వము ఈ ప్రశ్నలన్నియు అడుగుట పిల్లకు చనిపోయిన తల్లివలన అబ్బిన యలవాటు. పాత్రలో పోసిన నీరును ఆహారమేయనియు, తినువారి దేహస్థితి ఎఱిగి పెట్టుటయే వంటయనియు గురువు అప్పుడు చెప్పును. ఆ మాటతో వెనుకటి తిరస్కారములన్నియు మన మనస్సులో తిరిగి నడచి, కాఠిన్యముగా తోచినది బోధనగా మాఱును. అంతకంటె విశేషము, తల్లి పాత్రను మనము రెండవమాఱు చూచుట: ఆమె తెరపై లేదు, కూతురు అడిగిన ప్రశ్నలలో ఉన్నది.

ఈ పునర్దర్శనమునకే పలువురు రచయితలు ఒక రూపము కల్పించిరి. భాగము ముగిసి పేర్లు పడిన పిమ్మట రెండు మూడు నిమిషముల చిన్న అనుబంధము వచ్చును. ఇంతవఱకు మనము నాయిక వైపునుండి చూచిన ఘట్టమున, అదే సమయమున నాయకుడేమి చేయుచుండెనో అందు చూపుదురు. 2019 డిసెంబరున మొదలైన ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యు’లో దక్షిణ కొరియా వ్యాపారవేత్త సెరి గాలివానలో పారాగ్లైడర్‌తో సహా సరిహద్దు దాటి ఉత్తరమున పడి, అచ్చటి సైనికాధికారి రి జోంగ్ హ్యోక్ కంటబడును. వారికి అదియే తొలి పరిచయమని మనము నమ్ముదుము. భాగములు గడచుకొలది, అంతకు యేండ్ల ముందే స్విట్జర్లాండు సరస్సుమీద, చావు కోరుకొనుచుండిన ఆమె చెవిన పడి బ్రదుకుమీద ఆశ కలిగించిన పియానో సంగీతము అతడు వాయించినదేయని బయటపడును. యాదృచ్ఛికతను ఇంతగా వాడుట తర్కమునకు నిలువదనవచ్చును. అయినను రచయిత్రి దానిని కథను నడుపుటకు వాడలేదు. నడచిన కథకు వెనుకనుండి వెలుగు వేయుటకు వాడినది.

ఇదే విద్యను చెవికి మార్చినది 2018నాటి ‘మై మిస్టర్’. అప్పులలో మునిగి, మాటలాడలేని ముసలి నాయనమ్మను పోషించుకొనుచున్న జీ ఆన్ అను యువతి, డబ్బుకొఱకు తన కార్యాలయములోని పార్క్ డోంగ్ హూన్ అను ఇంజనీరును పతనము చేయ నొప్పుకొని, అతని ఫోనులో దొంగచాటుగా వినెడి సాధనము నమర్చును. తప్పు పట్టుకొనుటకై వినసాగిన ఆమెకు అతని యడుగుల చప్పుడు, నిట్టూర్పు, అన్నదమ్ములతో త్రాగుచు చెప్పుకొనెడి పనికిమాలిన కబుర్లు, భార్య తనను వంచించినదని తెలిసిన రాత్రి అతడు మ్రింగుకొన్న దుఃఖము వినబడును. కట్టడముల దృఢత్వమును పరీక్షించుట అతని వృత్తి. బయటి బలములకు లోపలి బలము తట్టుకొన్నంతకాలము భవనము నిలుచుననియు, జీవితమును అట్టిదేయనియు అతడొకచో చెప్పును. తన బ్రదుకంతయు ఆమె విన్నదని తెలిసిననాడు అతడు కోపింపడు. అన్నియు విన్న పిమ్మటను ఆమె తన పక్షమున నిలిచినదను సంగతి అతనికి గొప్పదిగా తోచును. ఆమె గతమున ఒక మనిషిని వధించియుండెను; వాడెవడో, ఏల వధించినదో తెలిసికొని, అతడును ఆమె పక్షమున నిలుచును. ప్రేమ యనుటకును వీలులేని, కాదనుటకును మనసొప్పని ఆ బంధమును లోకము తన మొదటి చూపుతో నిందించును. ప్రేక్షకుడు మాత్రము రెండవ చూపు చూచినవాడగుటచే నిందింపలేడు.

కుటుంబగాథలో ఈ విద్యకు ‘రిప్లై 1988’ను మించిన యుదాహరణ నేను చూడలేదు. సియోల్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగిన సంవత్సరమున, సాంగ్‌ముండోంగ్ అను పేటలోని ఒక సందులో నివసించెడి అయిదు కుటుంబముల కథ యది. భోజనవేళ తల్లులు తాము వండినదానిని గిన్నెలకు తీసి పిల్లలచేత పొరుగిండ్లకు పంపుచుండగా, ఎదురెదురుగా గిన్నెలు మోసికొని పరుగెత్తెడి పిల్లలను చూచి నవ్వని తెలుగు గృహిణి యుండదు. ఆ యిండ్లలో ఒకదాని నడిమి బిడ్డ డోక్ సన్. ఆమె పుట్టినరోజును అక్క పుట్టినరోజుతో కలిపి, ఒక్క కేకుతో, ఏటేట జరిపివేయుదురు. కోడికాళ్లు అక్కకును తమ్మునికిని, ఱెక్క ఆమెకు. వేయించిన గ్రుడ్డు వారికి, ఆమెకు లేదు. ఆ యేడు ఆమె సహింపలేక భోరున ఏడ్చి, ఈ లెక్కలన్నియు అప్పగించును. అప్పటిదాక అల్లరిపిల్లగా మనలను నవ్వించిన ఆమెను మనము క్రొత్తగా చూతుము. ఆ రాత్రి తండ్రి ఆమెకొఱకే ఒక చిన్న కేకు తెచ్చి, సందులో ప్రక్కన కూర్చుండి, తానును పుట్టుకతో తండ్రి కాలేదనియు, ఈ పని తనకును క్రొత్తయేననియు చెప్పి క్షమింపుమనును. త్రాగుబోతు, చేతకానివాడని తేల్చివేసిన ఆ తండ్రిని కూడ మనము క్రొత్తగా చూతుము. ఒక్క యింటిలో, ఒక్క రాత్రిలో, రెండు తీర్పులు తలక్రిందులైనవి.

ఈ నాటకములకు దోషములు లేవని కాదు. కోటీశ్వరుని వారసుడు పేదపిల్లను ప్రేమించుట, అతని తల్లి కవరులో డబ్బు పెట్టి విడిచి పొమ్మనుట, సమయమునకు లారీ వచ్చి గ్రుద్దుట, జ్ఞాపకశక్తి పోవుట, జన్మరహస్యము బయటపడుట: ఇవి యన్నియు అరిగిపోయిన నాణెములు. ప్రకటనదారుల వస్తువులను కథలో చొప్పించుట 2010నుండి చట్టసమ్మతమైనది మొదలు, కంటనీరు పెట్టుకొనెడి ఘట్టమునను నాయిక ఏదో యొక శాండ్‌విచ్చి దుకాణములో కూర్చుండవలసి వచ్చుచున్నది. పదమూడవ పదునాలుగవ భాగములలో ప్రేమికులను కారణము చాలకయే విడదీయుట ఒక దురభ్యాసము. వరుసగా చూచినవానికి ఈ యచ్చులు ముందుగనే తెలిసిపోయి, విసుగు పుట్టించును. కాని మంచి రచయిత చేతిలో పాత అచ్చుకూడ రెండవ చూపునకు పనికివచ్చును; మొదటి చూపునకు మనకు సుపరిచితముగా కన్పట్టుటయే దాని ప్రయోజనము.

2025 మార్చిలో నాలుగు వారములపాటు, వారమునకు నాలుగేసి భాగములుగా వెలువడిన ‘వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరిన్స్’ ఈ కళకు పరాకాష్ఠ. జేజు ద్వీపమున సముద్రగర్భమునకు మునిగి నత్తలు సేకరించెడి శ్రామికురాలి కూతురు ఏ సన్. చదువుకొని కవయిత్రి కావలెనని ఆమె కోరిక. ఆ కోరిక తీఱక, పెండ్లాడి, పిల్లలను కని, తన కూతురు గుమ్ మ్యోంగ్‌ను చదివించుటకు ఇల్లమ్ముకొనును. యౌవనమునందలి తల్లిగను, ఎదిగిన కూతురుగను ఒక్క నటి, ఐ యు, కనుపించుట ఇందలి విశేషము. తల్లిపై విసుగుకొనెడి కూతురి ముఖము, ఒకనాడు అవే కలలు కన్న తల్లి ముఖమే. ఇతర రచయితలు సన్నివేశమును రెండుమారులు చూపిరి. దీని రచయిత్రి లిమ్ సాంగ్ చూన్ ఒక మనిషినే రెండుమారులు చూపినది.

ఇది పరాయి విద్య యని మనవారు వెనుదీయనక్కఱలేదు. వారపత్రికలు తెలుగిండ్లలో చేతులు మాఱిన దినములలో, నవలలు వారము వారము ధారావాహికలుగా వెలువడి, కొన్ని మాసములలో ముగిసెడివి. వ్రాసినవారిలో స్త్రీలే అగ్రగణ్యులు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లోని ధనికుడైన రాజశేఖరమును, ఆత్మాభిమానము గల జయంతియు ఒకరినొకరు మొదట తప్పుగా చదువుకొని, తరువాత సరిగా చదువుకొన్నవారే. కొలతకు లోబడిన కథయు, రచయిత్రి పేరు చూచి వేచియుండెడి పాఠకులును మనకు ఒకప్పుడు కలరు. టెలివిజన్ వచ్చినప్పుడు మనము ఆ కొలతను విడిచి పొడుగును పట్టుకొంటిమి. ఇంటికి వచ్చిన కోడలు దుష్టురాలో సాధ్వియో మొదటి భాగముననే నిర్ణయించి, వేయి భాగములు ఆ నిర్ణయమునే నిలబెట్టుచున్నాము. మన ఛానళ్లు ఒక్క కథకైనను ముగింపుదినము ముందుగా నిర్ణయించి రచయిత చేతికిచ్చినచో, ఆ కోడలిని రెండవమాఱు చూపగల కలములు తెలుగునాట నేటికిని కలవు.