నీరు ఆపే విద్య

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి కోనసీమలో నీరు పెట్టడం ఎవరూ పనిగట్టుకుని నేర్పవలసిన విద్య కాకుండా పోయింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట రైతులకు పలు సందర్భాల్లో బెంగగా మిగిలేది, వచ్చిన నీరు మురుగు కాలువలోకి దిగుతుందా అన్నదే. అటువంటి చోట విద్యార్థులు సక్యులెంట్ మొక్కలను, అంటే ఆకుల్లోనో కాండంలోనో నీటిని దాచుకునే కలబంద, రణపాల, జెముడు వంటి వాటిని తీసుకుని, ఒక కుండీకి రోజూ, ఒకదానికి వారానికోసారి, మరొకదానికి నెలకోసారి నీరు పోసి చూసే ప్రయోగానికి ప్రత్యేకమైన విలువ ఉంది.

ఈ జాతుల్లో చాలావరకు తమ పత్రరంధ్రాలను, అనగా ఆకు మీది సూక్ష్మమైన గాలి ద్వారాలను, ఎండలో మూసుకుని రాత్రి తెరిచి, లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా నిల్వచేసి మర్నాటి వెలుతురులో వాడుకుంటాయి. రణపాల ఆకు ఉదయం పుల్లగా ఉండి పొద్దెక్కేకొద్దీ ఆ పులుపును కోల్పోతుందని గమనించి, 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయిన లేఖ ద్వారా తెలిపిన బెంజమిన్ హైన్, అంతకు పూర్వం గోదావరికి అవతలి సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ తరువాత చూసుకున్నవాడే. ఆయన వాడిన పరికరం నాలుక ఒక్కటే అన్నది పరికరాలు లేవని చింతించే బడులు గుర్తుంచుకోదగిన సంగతి.

ప్రయోగంలో పొరపాటు ఎక్కువగా కొలతలో దొర్లుతుంది. ఎత్తు మాత్రమే కొలిస్తే, రోజూ నీరు తాగిన మొక్క మొదటి వారాల్లో ఆకులు ఉబ్బి అన్నిటికన్నా ఏపుగా కనిపించవచ్చు; ఆలోగా మట్టి రేణువుల సందుల్లోని గాలి చోటును నీరు ఆక్రమించడంతో వేర్లకు ఆక్సిజన్ అందక, శిలీంధ్రాలు చేరి, వేరుకుళ్ళు మొదలై ఉంటుంది. కనుక చివరికి మొక్కను పెళ్ళగించి వేర్లు చూడని ప్రయోగం సగంలో ఆగినట్టే.

మట్టి సంగతి ఇంకా ముఖ్యం. పెరట్లోని జిగట ఒండ్రు నీటిని వదలదు. ఇక్కడ చవగ్గా దొరికే కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పీల్చుకుంటుంది. గోదావరి ఇసుక కలిపిన మట్టి మాత్రం త్వరగా ఆరుతుంది. అన్ని కుండీల్లోనూ ఒకే మట్టి ఉండకపోతే, తేడా నీటి మోతాదు వల్ల వచ్చిందో మట్టి వల్ల వచ్చిందో తేలదు. వారాలు లెక్కపెట్టడం కంటే, ఎండిన కుండీని త్రాసు మీద పెట్టి ఆ బరువు రాసుకుని, కుండీ మళ్ళీ ఆ బరువుకు దిగాకే నీరు పోయడం నమ్మదగిన పద్ధతి. మార్చిలో కొద్ది రోజుల్లోనే ఆరే కుండీ శ్రావణ మాసపు తడిగాలిలో ఎన్నాళ్ళు తీసుకుంటుందో అప్పుడు నోటుపుస్తకంలోనే కనిపిస్తుంది.