తాళి ముడి వేళ కెమెరా ఎక్కడుండాలి

కథోలిక దేవాలయంలో జరిగే పెండ్లిని, ఎవరినీ ఆపి సర్దకుండా, ఫ్లాష్ వెలిగించకుండా, జరిగేది జరిగినట్లే చిత్రించే పద్ధతికి కెమెరా నైపుణ్యం కంటె ముందు పూజాక్రమ పరిజ్ఞానం కావాలి. తరువాతి ఘట్టం ఏదో ఎరిగిన ఛాయాగ్రాహకుడే తగిన చోటికి ముందుగా చేరి, అక్కడి నుంచి కదలకుండా పని ముగించగలడు.

సింగరేణి గనుల మీద బ్రతికే రామకృష్ణాపూర్, మంచిర్యాల ప్రాంతం 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనానికి చెందినది. కేరళ మూలాలు గల సీరో మలబార్ సంప్రదాయం అక్కడిది. గోదావరి దాటి గోదావరిఖని చేరితే 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం, దానితోపాటు లాటిన్ సంప్రదాయం మొదలవుతాయి. ఒకే కంపెనీలో షిఫ్టులు చేసే కుటుంబాల పెండ్లిళ్ళు ఇలా ఏటికి ఈ దరిన ఒక క్రమంలో, ఆ దరిన మరొక క్రమంలో జరుగుతాయి. లాటిన్ సంప్రదాయంలో వధూవరులు ఒకరికొకరు తెలుపుకొనే సమ్మతియే వివాహ సంస్కారాన్ని నెరవేరుస్తుంది, గురువు దానిని సంఘం తరఫున స్వీకరిస్తాడు. సీరో మలబార్ వంటి తూర్పు సంఘాలకు 1990లో వెలువడిన ధర్మశాస్త్రం ప్రకారం గురువు ఆశీర్వాదం కూడా తప్పనిసరి. అందుచేత లాటిన్ దేవాలయంలో కలిసిన కుడి చేతులను, కదిలే పెదవులను పట్టుకుంటే ప్రధాన చిత్రం దొరికినట్లే గాని, సీరో మలబార్ దేవాలయంలో ఆశీర్వదించే చేయి లేని చిత్రావళి అసంపూర్ణమవుతుంది.

సిలువ గుర్తు గల తాళి, వరుడు వధువు తలపై కప్పే మంత్రకోడి అనే పట్టుచీర కేరళ క్రైస్తవులకు పూర్వాచారాలు. లాటిన్ సంఘాలలో ఇటువంటి స్థానిక ఆచారాలకు రెండవ వాటికన్ మహాసభ 1963లో ప్రకటించిన ఆరాధన పత్రం దారిని విశాలం చేసింది. చిత్రకారుడికి అన్నిటికంటె కష్టమైన ఘట్టం తాళి కట్టడమే: ముడి వధువు మెడ వెనుక పడుతుంది, ఆమె ముఖమేమో బలిపీఠం వైపు ఉంటుంది, ఒక్క కెమెరా ఈ రెండింటినీ ఎదురుగా చూడలేదు. ముందువరుస బల్ల చివర, పక్కకు ఒదిగి నిలబడితే వరుని వేళ్ళు, వధువు ముఖంలో ఒక పక్క, ముసుగు ఎత్తిపట్టిన ఆడపడుచు చేయి ఒకే చట్రంలోకి వస్తాయి. చిత్రం సరిగా రాలేదని ముడిని మళ్ళీ వేయించే అలవాటు మండపాలలో ఎంత మామూలైనా, అలా వచ్చేది పెండ్లి చిత్రం కాదు, నటన చిత్రం.

జరిగేది జరిగినట్లే తీసే ఈ శైలికి పూర్వీకుడైన ఎరిక్ సాలమన్ 1928లో న్యాయస్థాన విచారణను దాచిన కెమెరాతో తీశాడు. దేవాలయంలో దాపరికం అక్కరలేదు. విచారణ (పారిష్) గురువు అనుమతి ముందే తీసుకొని, బలిపీఠపు మెట్లు ఎక్కకుండా, అప్పద్రాక్షారసాల ప్రతిష్ఠ సమయంలో కెమెరా దించితే చాలు.

చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఇక్కడ వరమే గాని దానికొక చిక్కుంది. 50 సైకిళ్ళ విద్యుత్తుతో వెలిగే ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఈ షట్టర్ చిత్రాన్ని వరుస వెంట వరుసగా నమోదు చేస్తుంది గనుక వేగం ఎక్కువైతే అడ్డచారలు పడతాయి. వేగాన్ని సెకనులో 50వ లేదా 100వ వంతుకు కట్టడి చేసి, ఎఫ్ 1.8 వంటి పెద్ద ద్వారం గల లెన్సు వాడితే చారలూ తగ్గుతాయి, ఫ్లాష్ అవసరమూ తప్పుతుంది. ఇక వధువు తెల్లచీర సంగతి: కెమెరా మీటరు ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థమైన బూడిదరంగుగా లెక్కిస్తుంది కాబట్టి చట్రంలో తెలుపు నిండితే బట్ట మాసినట్లు కనిపిస్తుంది, అటువంటప్పుడు వెలుతురు మోతాదును ఒక స్టాపు దాకా పెంచాలి.

పూజ ముగిసి, దంపతులూ ఇద్దరు సాక్షులూ వివాహ రిజిస్టరులో సంతకాలు చేశాక, గుడి మెట్ల మీద బంధువులను వరుసగా నిలబెట్టే పని వస్తుంది. ఛాయాగ్రాహకుడు గొంతెత్తి ‘ఇటు చూడండి’ అనదగిన సమయం అదే. డ్యూటీకి వెళ్ళవలసినవారిని ముందుగా నిలబెట్టడం బొగ్గుగనుల ఊరిలో మర్యాద.