క్లెయిమును చదివే విద్య

పేటెంటు పత్రం చివర నంబర్లు వేసిన వాక్యాలు ఉంటాయి. వాటిని క్లెయిములు అంటారు. పొలానికి సరిహద్దు రాళ్లెలాగో ఆవిష్కర్త హక్కుకు అవి అలాగ. దావా పడ్డవాళ్ల తరఫు న్యాయవాది ముందు ఆ రాళ్లు నిజంగా ఎక్కడున్నాయో చూస్తాడు. ఈ విద్యలో అమెరికాలోని సెల్డెన్ కేసును మించిన పాఠం నాకు కనిపించలేదు.

రోచెస్టర్ వాసి జార్జ్ సెల్డెన్ స్వయంగా పేటెంటు లాయరు. మోటారు బండి మీద 1879లో దరఖాస్తు పెట్టి, సవరణలతో 1895 దాకా సాగదీశాడు. ఈలోగా కార్ల పరిశ్రమ పుట్టుకొచ్చింది. ఆ పేటెంటు పేరిట తయారీదారుల సంఘం ఒకటి రాయల్టీలు వసూలు చేసింది. హెన్రీ ఫోర్డ్ కట్టనన్నాడు. 1903లో దావా పడింది, 1909లో ఓడిపోయాడు. అయినా ఆయన తరఫు లాయర్లు పట్టు వదల్లేదు. 1911లో అప్పీలు కోర్టు తేల్చింది: పేటెంటు చెల్లుతుంది, కానీ అది ఇంధనాన్ని క్రమంగా మండించే బ్రేటన్ తరహా ఇంజనుకే పరిమితం. ఫోర్డ్ వాడింది ఒట్టో తరహా ఇంజను. కాబట్టి ఉల్లంఘన లేదు. కార్ల పరిశ్రమ మొత్తం మీదున్న సుంకం ఆ ఒక్క తేడాతో పోయింది.

క్లెయిము తమకు వర్తించదనడం ఒక దారి. రెండో దారి, అసలు పేటెంటే చెల్లదనడం. ఇది కష్టం. ఉల్లంఘన జరిగిందని వాది రుజువు చేయాలి, పేటెంటు చెల్లదని రుజువు చేసే భారం మాత్రం ప్రతివాదిదే. పైగా సాక్ష్యం స్పష్టంగా, బలంగా ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 2011లో మైక్రోసాఫ్ట్ కేసులో మళ్లీ చెప్పింది. అందుకే పాత పరిశోధన పత్రాలు, పాత పేటెంట్లు తవ్వి తీయడంలోనే నెలలు గడుస్తాయి.

డిప్రెషన్ మందు ప్రోజాక్ కేసు అలా గెలిచిందే. తయారీదారు ఎలై లిల్లీ క్లెయిము దాని పాత పేటెంటుకు భిన్నమేమీ కాదని జనరిక్ మందుల సంస్థ బార్ వాదించింది. 2000లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఒప్పుకుంది. 2003 చివరి దాకా ఉండాల్సిన గుత్తాధిపత్యం 2001 ఆగస్టులోనే ముగిసింది. అదే నెలలో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 40 మిల్లీగ్రాముల జనరిక్ క్యాప్సూళ్లతో అమెరికా మార్కెట్లోకి వెళ్లింది. ఆ మందు వాడే రోగికి ఆ కోర్టు గది గురించి తెలియకపోవచ్చు. కానీ ధర తగ్గింది అక్కడి వాదన వల్లే.

ఈ పని చేసేవాళ్లలో చాలామంది ముందు ఇంజనీరింగో రసాయనశాస్త్రమో చదివి, తర్వాత న్యాయశాస్త్రం చదివినవాళ్లే. క్లెయిములోని ఒక్క పదానికి అర్థమేమిటో జడ్జి ముందు వాదించడం వాళ్ల నిత్యకృత్యం. ఆ అర్థం తేల్చాల్సింది జ్యూరీ కాదు, జడ్జేనని 1996లో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. సాంకేతిక విషయాన్ని మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పగలిగితేనే ఈ రంగంలో నిలుస్తారు.

మన ఊళ్లలో ఫార్మసీ, కెమిస్ట్రీ చదువుతున్న పిల్లలకు లాబు ఒక్కటే దారి కాదు. ఈ వృత్తి గురించి కూడా వాళ్లకు చెప్పండి.