చివరిసారి చూసిన తేదీ

సూరత్‌లోని భేస్తాన్‌లో పొద్దున ఏడు గంటలకు మా మామ ఇంటి వీధి ఒక్కసారిగా నిండుతుంది. రాత్రి డ్యూటీ దిగినవాళ్లు కళ్లు నులుముకుంటూ ఇళ్లకు వస్తుంటారు. పగటి డ్యూటీ వాళ్లు టిఫిన్ డబ్బాలతో ఎదురు వెళ్తుంటారు. గుజరాతీ, హిందీ, ఒడియా, మరాఠీ మధ్య నుంచి సిరిసిల్ల తెలుగు వినిపిస్తుంది. ఆ సందడిలో గడప మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. తెర మీద ఒక పట్టిక, వరుస కింద వరుస. మామ చాయ్ గ్లాసు పక్కన పెట్టి తొంగి చూశాడు.

"అల్లుడా, ఇయన్ని ఏంది? పోగుల లెక్క ఉన్నయి."

ఆ మాట నాకు బాగా నచ్చింది. మామ సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి మొదట సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు, తర్వాత బీమ్ పాసింగ్ పని నేర్చుకున్నాడు. కొత్త పడుగు వచ్చినప్పుడు వేల పోగులను ఒక్కొక్కటిగా కొక్కెంతో లాగి, దాని కంట్లో దాన్ని ఎక్కించే పని అది. ఒక పోగు తప్పు కంట్లో పడితే ఆ గీత బట్ట తాకా పొడవునా కనిపిస్తుంది. మనిషి చూపు ఎక్కడ నిలవాలో, ఎక్కడ దాటిపోవాలో తెలిసిన పని. నేను పదేళ్లుగా సరదాగా చేస్తున్నది కూడా దాదాపు అదే. నా చేతిలో కొక్కెం బదులు ఒక సాఫ్ట్‌వేర్ ఉంది.

నా సరదా పేరు జియోకాషింగ్. దాని గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. అమెరికా జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాల్లో సామాన్యులకు కావాలని ఒక పొరపాటు కలిపేది. దానివల్ల చేతిలోని యంత్రం వంద మీటర్ల దాకా తప్పు చూపించేది. 2000 మే 1 రాత్రి ఆ పొరపాటును తీసేశారు. రెండు రోజులకే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను సగం పూడ్చి, అందులో పుస్తకం, పెన్సిలు, కొన్ని చిన్న వస్తువులు పెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను నలుగురికీ చెప్పాడు. మైక్ టీగ్ అనే ఆయన వెతికి పట్టుకున్నాడు. ఆ బకెట్‌కు ఇప్పుడు ప్రపంచమంతటా ముప్ఫై లక్షలకు పైగా వారసులున్నాయి. ప్రతి డబ్బాలో ఒక చిట్టీ. దొరికినవాళ్లు పేరు, తేదీ రాసి, డబ్బాను తీసిన చోటే మళ్లీ పెట్టి వస్తారు.

ఉద్యోగం కోసం సియాటిల్‌లో ఉన్న రోజుల్లో ఈ ఆట నాకు అబ్బింది. అక్కడ డబ్బాలకు కరువు లేదు. ఒకదానికీ ఇంకోదానికీ కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలన్న నియమం లేకపోతే ప్రతి చెట్టు కిందా ఒకటి ఉండేదేమో. ఆట వెబ్‌సైటు నుంచి ఒక్కసారికి వెయ్యి డబ్బాల వివరాలు జీపీఎక్స్ ఫైలుగా దించుకోవచ్చు. నేనున్న ఇంటి చుట్టూ చూసుకుంటే ఆ వెయ్యీ కొద్ది మైళ్లకే సరిపోయేవి. వెయ్యి వరుసలు చదివి ఆదివారం ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడం అసాధ్యం. అప్పుడు ఒక పెద్దాయన నాకు జీశాక్ చూపించారు. ఆస్ట్రేలియాకు చెందిన క్లైడ్ ఇంగ్లండ్ తయారుచేసిన విండోస్ ప్రోగ్రామ్ అది. జియోకాషింగ్ స్విస్ ఆర్మీ నైఫ్ అన్న పేరును పొడి అక్షరాలు చేస్తే జీశాక్.

మొదట్లో అందరిలాగే నేనూ కష్టం, నేల అనే రెండు అంకెలతో వడపోసేవాణ్ని. డబ్బా దొరకడం ఎంత కష్టమో, అక్కడికి నడవడం ఎంత కష్టమో ఒకటి నుంచి ఐదు దాకా అర చొప్పున పెంచుతూ చెప్పే అంకెలవి. పిల్లలు వెంట ఉంటే రెండూ రెండు లోపు ఉండాలి. ఇది వారం రోజుల్లో వచ్చేస్తుంది. అసలు పనితనం ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి డబ్బా వరుసలో నాలుగు చిన్న రంగు గళ్లుంటాయి. అవి చివరి నలుగురు సందర్శకుల కబుర్లు. దొరికితే ఆకుపచ్చ, దొరక్కపోతే ఎరుపు. నాలుగూ ఎరుపైతే డబ్బా పోయినట్టే అనుకుంటాం. కానీ దాని కష్టం అంకె నాలుగున్నర అయితే ఆ నాలుగు ఎరుపులకూ అర్థం వేరు. ఒక గడిని ఇంకో గడి పక్కన పెట్టి చదవడం ఎవరూ నేర్పరు. అలవాటు మీద వస్తుంది.

వీటన్నిటికంటే నాకు విలువైనది మరొక నిలువు వరుస: ఈ వివరం జీపీఎక్స్ ఫైలులో చివరిసారి ఏ రోజు వచ్చింది అన్న తేదీ. ఎవరైనా తమ డబ్బాను తీసేసి పాత దస్త్రంలోకి పంపేస్తే ఆ తర్వాత దించుకునే ఫైలులో అది రాదు. రాదు కాబట్టి, పోయిందన్న సంగతి కూడా ఆ ఫైలులో ఉండదు. మన దగ్గరున్న పాత వరుస మాత్రం నిన్న మొన్నటిలా నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని నమ్మి వర్షంలో గంటసేపు పొదలు వెతికినవాళ్లను నేను చూశాను. అందుకని కొత్త ఫైలు ఎక్కించగానే ఆ తేదీ ప్రకారం వడపోయాలి. మిగతావన్నీ ఈ రోజు తేదీ చూపిస్తుంటే ఏ వరుసలు మూడు వారాల కిందటే ఆగిపోయాయో అవే ఇప్పుడు లేనివి. ఏం వచ్చిందో చూడటం సులువు. ఏం రాలేదో చూడాలంటే తేదీ రాసి పెట్టుకుని ఉండాలి.

సియాటిల్‌లో ఆ పాత వరుసలను రెండో ఆలోచన లేకుండా తుడిచేసేవాణ్ని.

భేస్తాన్‌లో పరిస్థితి వేరు. స్టేషన్‌ను కేంద్రబిందువుగా పెట్టి, ఉత్తరం 21 డిగ్రీల 7 నిమిషాలు, తూర్పు 72 డిగ్రీల 51 నిమిషాల చుట్టూ వెతికితే పట్టిక ఒక్క తెరలో ఇమిడిపోయింది. వడపోయడానికి ఏమీ లేదు. మన ఊళ్లలో ఈ ఆట పాకకపోవడం నాకు వింతగా అనిపించదు. ఎవరిదో తెలియని డబ్బాను ముట్టుకోవద్దని స్టేషన్లో రోజంతా మైకులో చెప్తుంటే దాన్ని కావాలని దాచిపెట్టడం బాధ్యత గల పని కాదు. అలాంటి చోట దాచకూడదనే నేనూ అంటాను. కానీ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది, నేలంతా చరిత్ర ఉంది. అందుకని గీత వెంట వడపోసే సదుపాయంతో నా కోసం ఒక దారి గీసుకున్నాను. 1930 ఏప్రిల్ మొదటి వారంలో గాంధీ సూరత్ దాటి దిండోలి, వాంజ్, ధామన్, నవసారి మీదుగా దండికి నడిచారు. దిండోలి ఇక్కడికి పక్కనే. ఆ ఊళ్లను బిందువులుగా కలిపి, గీతకు రెండు వైపులా రెండేసి కిలోమీటర్లలో నేను చూడదగ్గవి ఏమున్నాయో పేర్చుకుంటున్నాను. ఇంకా పూర్తి కాలేదు. దాని గురించి వేరే వారం రాస్తాను.

ఈసారి నేను వచ్చిన పని వేరు. మామ చిన్న కూతురి పెళ్లి. శుభలేఖలు పంచాలి. మామ దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉంది. భేస్తాన్, పాండేసరా, ఉధనా, లింబాయత్‌లలో ఉన్న మనవాళ్ల ఇళ్లు అందులో ఉన్నాయి. చిరునామా అంటే సొసైటీ పేరు, గుడి వెనకాల, రెండో గల్లీ, మేడ మీద గది. చాలామందివి అద్దె ఇళ్లు కాబట్టి కొట్టివేతల మీద కొట్టివేతలు. నేను ఆ పుస్తకాన్ని రెండు రాత్రులు కూర్చుని జీశాక్‌లోకి ఎక్కించాను. ఒక్కో ఇల్లు ఒక్కో వరుస. ఫోన్లో పటం చూస్తూ మామ వేలు పెట్టిన చోట బిందువు పెట్టాను. ఈ పట్టిక మామ ఇల్లు దాటి ఎక్కడికీ పోదు. మనుషుల గడపలు పదిమందిలో పెట్టేవి కావు.

దూరం వరుస మొదటి రోజే మోసం చేసింది. సాఫ్ట్‌వేర్ చెప్పేది పక్షి ఎగిరే దూరం. ముంబయి, అహ్మదాబాద్‌ల మధ్య వెళ్లే పట్టాలు ఈ పేటను నిలువునా కోస్తాయి. అవతలి వైపు ఇల్లు మూడు వందల మీటర్లు అని చూపిస్తే, చుట్టు తిరిగి వెళ్లేసరికి రెండు కిలోమీటర్లయింది. మధ్యలో ఖాడీ, అంటే వాగు, అడ్డం వస్తే ఇంకా ఎక్కువ. అప్పుడు పటం మీద రెండు బహుభుజాలు గీశాను. పట్టాలకు ఇటు ఒకటి, అటు ఒకటి. ముందు ఇటువైపు ఇళ్లన్నీ, దాటాక అటువైపువన్నీ. మామ చూసి తల ఊపాడు. "ఒక పక్కది అయిపోయినంకనే ఇంకో పక్కకు పోవాలె. బీమ్ కాడ గంతే."

తర్వాత అలవాటు కొద్దీ ఆ తేదీ వరుస కోసం అడిగాను. ఈ ఇంటివాళ్లను చివరిసారి ఎప్పుడు చూశావు, మామా? ఒక్కో పేరుకూ ఆలోచించి చెప్పాడు. ఈ బతుకమ్మకు. పోయిన ఏడు ఒక చావుకాడ. కొన్ని పేర్ల దగ్గర ఆగిపోయాడు. 2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగినప్పుడు గది ఖాళీ చేసి వెళ్లినవాళ్లు వాళ్లు. కొందరు సిరిసిల్లకు, కొందరు భివండీకి, షోలాపూర్‌కు. కొందరు తిరిగొచ్చారని ఎవరో అన్నారు, మామ మాత్రం చూడలేదు.

పట్టికను తేదీ ప్రకారం పేర్చాను. పాతవన్నీ పైకి వచ్చాయి. నేను మామూలుగా చేసేది చెప్పాను: ఇవి పక్కన పెడదాం మామా, ఉన్నారని గట్టిగా తెలిసిన ఇళ్లకు ముందు వెళ్దాం, టైము కలిసొస్తుంది.

మామ తెర వంక కాసేపు చూశాడు. "గట్ల కాదు. గీళ్ల ఇండ్లకే ముందుగాల పోదాం. మిగిలినోళ్లు ఫోన్ జేస్తే గూడ వస్తరు."

పదేళ్లుగా నేను తుడిచేస్తున్న వరుసలను ఆయన మొదట పెట్టమన్నాడు. బండి తీశాను.

మొదటి మూడు ఇళ్లలో వేరేవాళ్లు ఉన్నారు. ఒకచోట ఒడియా కుర్రాళ్లు లోపలికి పిలిచి నీళ్లిచ్చారు, కానీ పాతవాళ్ల సంగతి వాళ్లకు తెలియదు. నాలుగో చోట కిరాణా కొట్టు ఆమె, గుజరాతీలో, వాళ్లు రెండు గల్లీల అవతలికి మారారని చెప్పి, కొట్టు దిగి వచ్చి మలుపు చూపించింది. జీశాక్‌లో పాత బిందువును అలాగే ఉంచి దాని మీద సరిదిద్దిన బిందువు పెట్టే ఏర్పాటు ఉంది. చిక్కుప్రశ్న విప్పాక అసలు చోటు తేలే డబ్బాల కోసం పెట్టినది. ఆ ఇంటి ముందు నిలబడి కొత్త అంకెలు కొట్టాను. చివరి అంకె రెండు అటూ ఇటూ అయినా బిందువు పక్క గదిలోకి పోతుంది. నిమిషంలో వెయ్యో వంతు అంటే ఇంచుమించు 1.85 మీటర్లు. లోపల మామ, ఆ ఇంటాయన ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఏమీ మాట్లాడుకోలేదు. కుంకుమ పెట్టిన కార్డు వాళ్లావిడ చేతిలో ఉంది. తేదీ గడిలో ఆ రోజు తేదీ వేశాను.

సాయంత్రానికి పై వరుసల్లో చాలావాటికి తేదీ మారింది. కొన్నిటికి ఫోన్ నంబర్లు దొరికాయి. ఒక్క పేరు మిగిలింది. మామతో పాటు ఒకే గదిలో ఉండి, ఒకే పొయ్యి మీద వండుకుని, ఇద్దరూ కలిసి బీమ్ పాసింగ్ నేర్చుకున్న మనిషి. 2020 మేలో లారీ ఎక్కాడని తప్ప ఎవరికీ ఇంకేమీ తెలియదు. ఆ గది ఉన్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల ఇల్లు లేచింది.

రాత్రి పట్టిక ముందు కూర్చున్నాం. ఆ వరుస ఎర్రగా పైనే ఉంది. మామ దాని మీద వేలు పెట్టాడు.

"తియ్యకు."

జీశాక్‌లో ప్రతి వరుసకూ ఒక తాళం గుర్తు ఉంటుంది. అది వేస్తే తర్వాత ఏ ఫైలు ఎక్కించినా ఆ వరుస మారదు. తాళం వేశాను. పక్కన గమనిక గడిలో ఏం రాయమంటావని అడిగితే సిరిసిల్లలో వాళ్ల వాడ పేరు చెప్పాడు, ఇంటి ముందు వేపచెట్టు ఉండేదని చెప్పాడు. రాశాను. శుభలేఖ మీద ఆ పేరు తనే గుండ్రటి అక్షరాలతో రాసి, నోటు పుస్తకంలో ఆ పేజీ దగ్గర పెట్టాడు.