అన్నకు వినిపించని మాట: ‘సానీస్ బ్లూస్’ కథా పరిశీలన

మత్తుమందుకు బానిసైన వ్యక్తి కథ అనగానే అతని పతనాన్ని చూపిస్తారని మనం ఎదురుచూస్తాం. జేమ్స్ బాల్డ్విన్ 1957లో ప్రచురించిన ‘సానీస్ బ్లూస్’ చదివేటప్పుడు ఆ అలవాటును పక్కన పెట్టండి. సానీ హెరాయిన్ తీసుకోవడం ఈ కథలో ఎక్కడా కనిపించదు. మనం చూసేదంతా అతని అన్నను. న్యూయార్క్ నగరంలో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెంలో ఆయన బీజగణితం బోధించే ఉపాధ్యాయుడు. తమ్ముడికన్నా ఏడేళ్లు పెద్ద. కథ చెప్పేది ఆయనే అయినా తన పేరు చెప్పడు. బాల్డ్విన్ కూడా హార్లెంలోనే 1924లో పుట్టాడు. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దవాడు కాబట్టి అన్నగారి బరువు ఆయనకు తెలియనిది కాదు.

సానీ అరెస్టయిన సంగతి అన్నకు రైల్లో పేపరు చదువుతుండగా తెలుస్తుంది. సొంత తమ్ముడి వార్త పేపర్లో చదవవలసి వచ్చిందంటే ఇద్దరి మధ్య దూరం ఎంత పెరిగిందో ఊహించుకోండి. ఆ రోజు తరగతిలోని కుర్రవాళ్లను చూస్తూ, దాదాపు ఈ వయసులోనే సానీ మొదలుపెట్టి ఉంటాడని ఆయన అనుకుంటాడు.

మీరు రెండుసార్లు చదవవలసిన సన్నివేశం వంటింటి సంభాషణ. తల్లి చనిపోయింది. సైన్యంలో ఉన్న అన్న సెలవు పెట్టి వచ్చాడు. సానీ ఇంకా హైస్కూల్లోనే ఉన్నాడు. ఏమవుదామనుకుంటున్నావని అడిగితే జాజ్ వాయిస్తానంటాడు. చార్లీ పార్కర్ పేరు చెబితే ఆయనెవరో అన్నకు తెలియదు. హార్లెంలో ఉండలేను, చదువు మానేసి సైన్యంలో చేరతాను అంటాడు సానీ. అన్న ససేమిరా అంటాడు. చదువు పూర్తయ్యేదాకా తన భార్య ఇజబెల్ పుట్టింట్లో ఉండమంటాడు, అక్కడ పియానో ఉందని ఆశ చూపిస్తాడు. మొదటిసారి చదివినప్పుడు అన్న మాటే మనకు సబబుగా తోస్తుంది. మన ఇళ్లలో ఏ అన్నయ్య అయినా, ఏ అక్కయ్య అయినా అంతకన్నా వేరేగా చెబుతారా?

ఏళ్లు గడిచాక, కథ చివరికి వస్తుండగా సానీ అసలు సంగతి బయటపెడతాడు. ఆనాడు హార్లెం వదిలిపోవాలనుకున్నది మత్తుమందు నుంచి తప్పించుకోవడానికట. ఇది తెలిశాక వంటింటి సన్నివేశానికి తిరిగి వెళ్లండి, అది మరోలా వినిపిస్తుంది. ఆ పిల్లవాడు తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో సాయం అడిగాడు. అన్నకు చదువు మానేస్తాననడం ఒక్కటే వినిపించింది. మనకూ అంతే వినిపించింది. ‘అన్న నిర్లక్ష్యమే సానీ పతనానికి కారణం’ అని జవాబు పత్రంలో ఒక్క ముక్కలో తేల్చేయడం తేలిక. అయితే సానీ కూడా నోరు విప్పి అసలు కారణం చెప్పలేదు. పైగా కథను అన్న చేతే చెప్పించడం వల్ల ఆయన పొరపాటులో పాఠకులు కూడా భాగస్థులయ్యారు. ఈ కథ శిల్పంలో కీలకం ఇదేనని నా అభిప్రాయం.

తల్లి బతికుండగా పెద్దకొడుకుకు ఒక సంగతి చెప్పింది. వెన్నెల రాత్రి, తాగి ఉన్న తెల్లవాళ్లు నడిపిన కారు కింద పడి తండ్రి తమ్ముడు ఆయన కళ్లముందే చనిపోయాడు. తండ్రి జీవితాంతం దాన్ని మరిచిపోలేదు. అయినా, సానీని ఎలాగైనా ఆపమని ఆమె పెద్దకొడుకును అడగదు. తోడున్నావని వాడికి తెలిసేలా ఉండు అంటుంది. అన్న ఆ మాటను కాపలా కాయమన్నట్టుగా అర్థం చేసుకున్నాడు. (ఇజబెల్, తల్లి ఇద్దరూ ఇలా అన్నదమ్ముల కథకు అవసరమైనంత మేరకే కనిపిస్తారు. అది ఈ కథలో లోపమే.)

సానీ జైల్లో ఉండగా అన్న చాలాకాలం ఉత్తరం రాయడు. తన చిన్నారి కూతురు గ్రేస్ పోలియోతో చనిపోయాకే రాస్తాడు. తన దుఃఖం తలుపు తట్టాక గాని తమ్ముడి దుఃఖం నిజమని ఆయనకు తోచలేదు.

సానీ విడుదలై అన్న ఇంటికి వచ్చాక జరిగే ఒక చిన్న ఘట్టాన్ని విద్యార్థులు తరచు దాటేస్తారు. ఒక శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. సానీ గది వెతకాలా వద్దా అని అన్న అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఏం దొరుకుతుందోనని భయం, ఏమీ దొరకకపోయినా తీరని అనుమానం. మత్తుకు అలవాటుపడ్డ మనిషితో ఒకే కప్పు కింద బతకడం ఎలా ఉంటుందో ఈ నాలుగు వాక్యాలు చెప్పినట్టు పెద్ద ఉపన్యాసం కూడా చెప్పలేదు. అంతలో కిటికీలోంచి వీధిలో భక్తిగీతాలు పాడేవాళ్లు కనిపిస్తారు. గుంపులో నిలబడి వింటున్న సానీ కూడా కనిపిస్తాడు. గది వెతకడం జరగదు. పైకి వచ్చిన సానీ, ఆ పాడిన స్త్రీ గొంతు వింటే హెరాయిన్ ఒంట్లోకి పాకినప్పటి అనుభూతి గుర్తొచ్చిందని చెబుతాడు. అన్న మొదటిసారి అడ్డుపడకుండా వింటాడు.

ఆ రాత్రి క్లబ్బులో సానీ ఏడాదికి పైగా విరామం తర్వాత పియానో ముందు కూర్చుంటాడు. అన్న అతనికి పానీయం పంపిస్తాడు. అది స్కాచ్, పాలు కలిపిన గ్లాసు. సానీ ఒక గుక్క తాగి, అన్న వైపు తల ఊపి, దాన్ని పియానోపై పెడతాడు. ఆ గ్లాసును కథకుడు బైబిల్లో యెషయా గ్రంథం 51వ అధ్యాయంలోని పాత్రతో పోలుస్తాడు. తాగినవారిని తూలిపడేలా చేసే ఆ పాత్రను తన ప్రజల చేతిలోంచి తీసేశానని దేవుడు చెప్పే సందర్భం అది. కానీ ఇక్కడ గ్లాసును ఎవరూ తీసేయలేదు. మత్తుకు బానిసైన తమ్ముడికి మద్యం పంపినవాడు అన్నే. మత్తు మళ్లీ రావచ్చని సానీ ఆ సాయంత్రమే హెచ్చరించాడు కూడా. సంగీతం మళ్లీ మొదలవుతుంది. గ్లాసు సానీ తలకు పైన మెరుస్తూ వణుకుతూ ఉంటుంది.