తాళంచెవి గడప దాటదు

1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లను గుట్టుగా పోగుచేస్తున్నారని బయటపడింది. అప్పట్లో దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లడానికి టెల్‌నెట్ లాంటివే దిక్కు. అందులో కొట్టిన పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వైరు మీద వెళ్లిపోయేది. అక్కడి పరిశోధకుడు తాతు యూలొనెన్ ఆ ఏడాదే, పంపేదంతా ఎవరూ చదవలేని సంకేతాల్లోకి మార్చే ఎస్‌ఎస్‌హెచ్‌ను రాసి ఉచితంగా విడుదల చేశాడు. దానికి ఆయన అడిగి తీసుకున్న పోర్టు 22. పక్కనే ఎఫ్‌టీపీ 21, టెల్‌నెట్ 23. నేడు ఎక్కువమంది వాడేది 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం తెచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్.

ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్‌కు బదులు కీతోనూ లోపలికి వెళ్లొచ్చు. పాస్‌వర్డ్ అడగని లాగిన్ అంటే తలుపు బార్లా తెరిచిపెట్టడమేనని కొత్తవాళ్లు జంకుతారు. నిజానికి ఇదే బిగువైన ఏర్పాటు. ఎస్‌ఎస్‌హెచ్‌లో కూడా పాస్‌వర్డ్ కొడితే అది దారిలో ఎవరికీ కనబడకపోయినా సర్వర్‌కు మాత్రం చేరుతుంది. ఆ సర్వర్ దొంగ చేతిలో ఉంటే అంతే సంగతులు. కీ విషయం వేరు. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ నడిపితే రెండు ఫైళ్లు పుడతాయి. పబ్లిక్ కీ తాళంకప్ప లాంటిది, ఎన్ని సర్వర్లకైనా తగిలించుకోవచ్చు. ప్రైవేట్ కీ మన లాప్‌టాప్ దాటదు. కనెక్ట్ అయిన ప్రతిసారీ ఆ సెషన్‌కే చెందిన గుర్తు మీద లాప్‌టాప్ డిజిటల్ సంతకం చేస్తుంది, సర్వర్ తన దగ్గరున్న పబ్లిక్ కీతో దాన్ని సరిచూసుకుంటుంది. సంతకాన్ని ఎవరైనా పట్టుకున్నా మరో సెషన్‌కు అది చెల్లదు.

కీ రకం ఈడీ25519 ఎంచుకుంటే చాలు. ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ పబ్లిక్ కీని సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైలులో చేరుస్తుంది. ఇంత చేసినా పాస్‌వర్డ్ అడుగుతోందంటే ముందు పర్మిషన్లు చూడాలి: హోమ్ ఫోల్డర్‌లో గానీ, అందులోని ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో గానీ, ఆ ఫైలులో గానీ ఇతరులు రాయగలిగితే సర్వర్ ఆ కీని నమ్మదు. ఎందుకు నమ్మలేదో మనకు చెప్పదు కూడా, తన లాగ్‌లో రాసుకుంటుంది. హోమ్ ఫోల్డర్‌లో ఇతరులకు రాసే హక్కు తీసేసి, ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, ఆథరైజ్డ్ కీస్ ఫైలుకు 600 పెడితే సాధారణంగా గొడవ తీరుతుంది.

కీజెన్ పాస్‌ఫ్రేజ్ అడిగినప్పుడు రెండుసార్లు ఎంటర్ నొక్కేసేవాళ్లే ఎక్కువ. అది బద్ధకమే తప్ప సౌకర్యం కాదు. లాప్‌టాప్ పోతే కీ కూడా పోయినట్టే. పాస్‌ఫ్రేజ్ పెట్టి, పొద్దున ఒకసారి కీని మెమరీలో ఉంచుకునే ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్‌కు అప్పగిస్తే ఇక రోజంతా అడగదు.

దూరాన నడిచే ప్రోగ్రామ్‌లో తప్పులు వెతకడానికీ, అంటే డీబగ్గింగ్‌కూ, ఈ కీ అక్కరకొస్తుంది. మాదాపూర్‌లో కూర్చున్న ఇంజనీరు ఎక్కడో సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్‌ను జీడీబీ అనే డీబగ్గర్‌తో ఆపి చూడాలంటే అవతల జీడీబీసర్వర్ ఉండాలి. దానికి సొంత రక్షణ అంటూ ఏదీ లేదు. పోర్టు తెరిచి కూర్చుంటే ముందొచ్చినవాడే యజమాని: ప్రోగ్రామ్ మెమరీ చదువుతాడు, మారుస్తాడు, జీడీబీసర్వర్‌ను నడుపుతున్న యూజర్‌కున్న హక్కులన్నీ వాడుకుంటాడు. పబ్లిక్ నెట్‌వర్క్‌లో పెట్టొద్దని జీడీబీ మాన్యువలే హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌లో 2345 లాంటి పోర్టును మన మెషీన్‌కు తెచ్చుకోవడం ఒక పద్ధతి, కానీ అవతలి ఫైర్‌వాల్ ఆ పోర్టును బయటికి మూసే ఉంచాలి. ఇంకా నచ్చే పద్ధతి పైప్: జీడీబీయే ఎస్‌ఎస్‌హెచ్‌ను పిలుస్తుంది, అది అవతల జీడీబీసర్వర్‌ను నడుపుతుంది, సంభాషణంతా ఆ కనెక్షన్‌లోనే సాగుతుంది. డీబగ్గర్ కోసం విడిగా ఏ పోర్టూ తెరవనక్కర్లేదు. ఇక్కడే కీ విలువ తెలిసొస్తుంది. డీబగ్గర్ తనంతట తాను కనెక్షన్ పెట్టుకునేటప్పుడు మధ్యలో పాస్‌వర్డ్ కోసం నిలబడితే పని సాగదు.

దారిలో ఇంకో మెషీన్ దాటాలంటే కొందరు ఏజెంట్ ఫార్వర్డింగ్ ఆన్ చేస్తారు. కానీ అలా చేస్తే ఆ నడిమి మెషీన్‌లో రూట్ హక్కులున్నవాడు మన ఏజెంట్‌తో సంతకాలు చేయించుకోగలడు. నడిమి మెషీన్ గుండా నేరుగా అవతలికి కనెక్ట్ చేసే ప్రాక్సీజంప్ 2016లో వచ్చింది, దానితో ఆ బెడద లేదు. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు కనిపించే సర్వర్ కీ ఫింగర్‌ప్రింట్‌ను చూడకుండా ‘యస్’ కొట్టడం మరో దురలవాటు. సర్వర్ అసలుదో కాదో తేల్చుకునే అవకాశం అక్కడే ఉంది.

అంతా కుదిరాక సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్‌ను పూర్తిగా ఆపేయాలి. ఆపాక, అప్పటికే తెరిచి ఉన్న సెషన్‌ను వెంటనే మూయకూడదు. మరో టెర్మినల్ తెరిచి కీతో లోపలికి వెళ్లగలుగుతున్నామని చూసుకున్నాకే దాన్ని వదలాలి.