అల్జీమర్ వ్యాసములో కానరాని భర్త

శాస్త్ర చరిత్రలో కొన్ని వ్యాసములకు పేరు ఎక్కువ, పాఠకులు తక్కువ. 1907లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ ప్రకటించిన చిన్న వ్యాసము అట్టిది. అందలి వ్యాధికి 1910లో క్రెపెలిన్ తన గ్రంథములో అల్జీమర్ పేరే పెట్టెను. తరగతిలో దీనిని గురించి చెప్పునపుడు నేనును సూక్ష్మదర్శినిలో కనబడిన సంగతులే చెప్పుచు వచ్చితిని. ఇటీవల మొదటినుండి చదువగా, సగము వదలివేసితినని తెలిసినది.

వ్యాసములోని రోగి 51 ఏండ్ల స్త్రీ. ఆమె పేరు అందులో లేదు. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాత ఆసుపత్రి కాగితములు దొరకిన పిమ్మట ఆమె పేరు ఆగస్టె అనియు, భర్త కార్ల్ రైల్వే గుమాస్తా అనియు లోకమునకు తెలిసినది. 1901 నవంబరులో ఆసుపత్రిలో చేరిన ఆమె 1906 ఏప్రిల్‌లో మరణించినది.

వ్యాసములోని రెండవ భాగము ప్రశంసనీయము. మెదడు క్షీణించుట, వెండి లవణములతో రంగు వేసినపుడు నాడీకణములలో చిక్కుపడిన పోగులు కనబడుట, మెదడు పైపొరలో చిన్న చిన్న నిక్షేపములుండుట, ఇవన్నియు క్లుప్తముగా చెప్పబడినవి. కణములలో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు ఈ మార్పు ఉన్నదని లెక్క కూడ కలదు. విద్యార్థులు నేర్చుకొనదగిన వ్రాత ఇది.

మొదటి భాగము సంగతి వేరు. అందు చెప్పిన తొలి చిహ్నము మరపు కాదు, భర్తపై అనుమానము. పిమ్మట వస్తువులు దాచుట, తన్ను చంపజూచుచున్నారని కేకలు వేయుట కలిగెను. ఆసుపత్రిలో పరీక్షింపబోయినపుడెల్ల, పరిస్థితి అర్థము కాక అరచెడిది. డాక్టరు తన్ను కోయవచ్చెనని బెదరెడిది. ఒక్కొక్కప్పుడు అదే డాక్టరును అతిథివలె పలుకరించి, పని ముగియలేదని మన్నింపు కోరెడిది. భర్తను, కుమార్తెను పిలిచెడిది.

ఈ సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడు. అనుమానించినదియు, పిలిచినదియు ఒకే భర్తను. పైకి కోపముగా తోచినది లోపల భయము. అల్జీమర్ ఈ రెంటిని వ్రాసెనేగాని ముడిపెట్టలేదు. నిందలు పడిన భర్త ఆ యింట దినములెట్లు గడపెనో ఒక్క మాట లేదు. వైద్య వ్యాసములో సంసారపు గొడవలేల యనవచ్చును. న్యాయమే. కాని ఆ వ్యాధి మొదట బయటపడినది సూక్ష్మదర్శిని క్రింద కాదు, కాపురములో.

మన ఇండ్లలో ఇట్టి ప్రవర్తనను చాదస్తమని కొట్టివేయుదురు. నింద పడినవారు తాము నిర్దోషులమని వాదింతురు. వాదము భయమును పెంచును. నేటి వైద్యుల సలహా వేరు. వాదింపక, కొంత ఎడముగా నిలిచి, నెమ్మదిగా మాటలాడవలెను. నొప్పి, ఆకలి, మలబద్ధకము, మూత్రమార్గపు ఇన్ఫెక్షను వంటి కారణములు వెదకవలెను. మార్పు హఠాత్తుగా వచ్చినచో వైద్యునికి చూపవలెను. కొట్టవచ్చినపుడు గది విడిచి సహాయము పిలువవలెను. అది రోగిని విడనాడుట కాదు. సేవ చేయువారి ప్రాణమును ప్రాణమే.

కావున ఉపాధ్యాయులు పోగులతో, నిక్షేపములతో ఆపక, ఆ మొదటి భాగమును గూడ చెప్పవలెను. తరగతిలో కూర్చున్న ఒక బాలుని యింట నాయనమ్మ తాతగారిని దొంగ యనుచుండవచ్చును. అది ఆమె గుణము కాదు, తాతగారి తప్పును కాదు అని ఆ బాలుడు గ్రహించి యింటికి వెళ్ళినచో, ఆనాటి పాఠము సార్థకము.